తప్పు చెప్పెడివారు

సంగీతము నేర్చుకొనువారికి గురువు కావలెననుట అందరెరిగిన మాటయే. కాని గురువు దొరకనివారి గతి యేమి? పగలెల్ల ఇంటిపనులతో గడచి, సాయంకాలము గంటసేపు మాత్రము చేతులు ఖాళీయగు గృహిణి నలువది యేబదియేండ్ల వయస్సున ఒక వాద్యమును పట్టుకొన్నచో, ఆమె చేతిలోని దోషమును ఎవరు చెప్పవలెను? ఈ ప్రశ్నకు మా యింటిలో మాకు దొరికిన సమాధానమును సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలును వ్రాయుచున్నాము. మేమనగా ఒక యింటి తోడికోడండ్రము, ఇద్దరము. మా కాపురము విజయనగరము.

మా చిన్నవాడు చదువునకై హైదరాబాదు పోవుచు, తాను ముచ్చటపడి కొనుక్కొన్న ఉకులేలేను గోడకు తగిలించి పోయెను. వారము వారము దాని దుమ్ము తుడుచుటయే మా పనియైనది. ఒకనాడు తుడుచుచుండగా తంత్రి వ్రేలికి తగిలి మ్రోగినది. ఆ మ్రోత మాకు బాగుండెను. అంతటితో మా విద్యాభ్యాసము మొదలయ్యెను.

ఎరుగనివారికొరకు దానిగూర్చి కొంచెము చెప్పెదము. ఉకులేలే చూచుటకు గిటారు పిల్లవలె నుండును. చిన్నరకపు దాని పొడవు సుమారు 21 అంగుళములు, తంత్రులు నాలుగు. అది హవాయి దీవుల వాద్యమని లోకము చెప్పును గాని, దాని పుట్టినిల్లు పోర్చుగీసువారి మడీరా దీవి. 1879వ సంవత్సరమున చెరకుతోటల పనికై మడీరానుండి ఓడలో హోనొలూలూ చేరినవారిలో కొయ్యపని తెలిసినవారు ముగ్గురుండిరి. తమ దేశపు చిన్నవాద్యమును వారు అక్కడి కొయ్యతో చేయనారంభించిరి. హవాయి రాజు కలాకౌవా దానిని ఆదరించెను. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన గొప్ప ప్రదర్శనములో విన్న అమెరికావారు దానికై వెఱ్ఱియెత్తిరి. ఉకులేలే యనగా ఆ భాషలో గెంతెడి పురుగని అర్థము చెప్పుదురు. పుట్టినింట నొకపేరు, మెట్టినింట నొకపేరు. ఆడపిల్లవలెనే అదియును మెట్టినింటి పేరుతోనే పేరుపొందినది.

దాని నాలుగు తంత్రులును మన లెక్కలో ప, స, గ, ద యని పలుకును. ఒక్క రిషభము చేర్చినచో మోహనరాగ స్వరములే. దానిని వాయించుట రెండు విధములు. నాలుగు తంత్రులను కలిపి చూపుడువ్రేలితో క్రిందికిని మీదికిని దువ్వుట యొకటి. ఒక్కొక్క తంత్రిని ఒక్కొక్క వ్రేలితో వేరుగా మీటుట రెండవది. మాలో పెద్దకోడలికి దువ్వుట కుదిరెను. చిన్నకోడలికి మీటుట కుదిరెను. ఫోనులోని పాఠములు చూచి, ఆరునెలలలో పది పన్నెండు పాటలు నేర్చితిమి. ఎడమచేయి సొంపుగా మెట్లు పట్టుచున్నదని మురిసితిమి. కుడిచేతిని మాత్రము చూచుకొనలేదు.

సంక్రాంతి పేరంటమునకు వచ్చినవారు వాయింపుమని కోరగా వాయించితిమి. అందరును బాగున్నదనిరి. ఒకామె కన్నులు తుడుచుకొనెను. మావాడు హైదరాబాదునుండి అద్భుతమని వ్రాసెను. ఇంక మాకు లోటేమి? అయితే ఆ దినము మా ఆడపడుచు మా వాద్యమును ఫోనులో పట్టియుంచినది. నాలుగు దినముల తరువాత దానిని మాకు వినిపించెను. సోదరీమణులారా! తన కంఠము తానే తొలిసారి విన్నవారు ఎట్లు ఉలికిపడుదురో అట్లు ఉలికిపడితిమి. పాట నడుచుచు నడుచుచు త్రోవలో కాలు మడతపడినట్లు ఆగుచుండెను. తెలిసిన చోట పరుగెత్తుచుండెను. ఎక్కడనో ఒక స్వరము పెద్దగా అరచుచుండెను. ఫోను మంచిది కాదని ఒకరితో నొకరము చెప్పుకొని ఊరకుంటిమి.

కాని మనస్సు ఊరకుండలేదు. తెలిసినవారిని అడుగసాగితిమి. ‘ఎట్లున్నది?’ అని అడిగినచో ‘బాగున్నది’ అందురు. మరల అడిగినచో ‘ఈ వయస్సులో ఇంత వాయించుచున్నారు, అదియే గొప్ప’ అందురు. ఈ రెండవమాట వినుటకు తీయగా నుండును గాని, ఆలోచించినచో అందులో చులకన కలదు. పసిపిల్ల ముగ్గు వేసినప్పుడు మనమును అట్లే అందుము గదా!

మా యూరు సంగీతమునకు పేరుపడినది. 1919లో ఇచ్చట సంగీతకళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. తరువాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ పీఠమున కూర్చుండిరి. ఇట్టి యూర చెవిగలవారికి కొదువయా? అయినను ఎవరికడకును పోవుటకు మాకు సిగ్గు. ఆ సిగ్గులో నుండగనే, అన్నిటికంటె దగ్గరనున్న చెవి మాకు కనబడలేదు.

మా అత్తగారికి 82 సంవత్సరములు. నీటికాసులవ్యాధి వలన చూపు మందగించి, ఇప్పుడు వెలుతురు చీకటులు తప్ప మరేమియు తెలియదు. మేము వాయించు వసారాలోనే వారి మంచము. ఆరునెలలనుండి మా ప్రతి తప్పును వారు వినుచునే యున్నారు. ఒక సాయంకాలము పెద్దకోడలు విసుగుపుట్టి, ‘అత్తయ్యగారూ, మాలో ఏమి లోపమున్నదో మీరైన చెప్పరా?’ అని అడిగెను.

వారు వెంటనే చెప్పిరి. ‘పెద్దమ్మాయీ, నీ చేయి క్రిందికి దిగునప్పుడు వినబడుచున్నది, మీదికి పోవునప్పుడు వినబడుట లేదు. పట్టు మార్చునప్పుడెల్ల చేయి ఆగిపోవుచున్నది. చిన్నమ్మాయి బొటనవ్రేలు ఆలస్యముగా వచ్చుచున్నది. చివరి తంత్రిని మాత్రము కొట్టినట్లు లాగుచున్నది.’

ఇన్నినాళ్లు తెలిసియుండి ఎందుకు చెప్పలేదని అడిగితిమి. ‘మీరడుగలేదు గదమ్మా’ అనిరి.

నిజము చెప్పవలెను. మాకు కోపము వచ్చెను. అడిగినది మేమే, కోపపడినదియు మేమే. అత్తగారి నోట కోడలి వంటకు వంక వినినట్లే వింటిమి. వీరికి ఉకులేలే యేమి తెలియునని చాటున ననుకొంటిమి. నాలుగు దినములు ఆ వాద్యము గోడ దిగలేదు.

అయిదవనాడు వారే పిలిచిరి. ‘చప్పుడు లేదేమి? నా మాటకు నొచ్చుకొంటిరా?’ అని అడిగి, మేము మాటాడకుండుట చూచి, ఎన్నడును చెప్పని సంగతి యొకటి చెప్పిరి. వారి పుట్టినిల్లు బొబ్బిలి. ఒక్క పనసదుంగను తొలిచి చేసిన బొబ్బిలివీణపై ఆరేండ్లు సాధకము చేసిరట. 1961లో ఈ యింట కాలుపెట్టినప్పుడు ఆ వీణయు వెంట వచ్చెను. ‘ఈ యింటిలో వద్దన్నవారు లేరమ్మా. బాగున్నదన్నవారును లేరు, బాగులేదన్నవారును లేరు. గోడలకు వాయించినట్లుండెను. ఒక యేడాదికి వ్రేళ్లు వాటంతట అవే మానుకొన్నవి. తప్పని చెప్పువారొక్కరున్నను వాయించుచుండెడిదాననేమో’ అనిరి. ఆ వీణ అటకమీద చాలకాలముండి, వేసవియెండలకు మైనము కరగి మెట్లు చెదరిపోగా, ఎవరో యడిగినవారికి ఇచ్చివేసిరట.

ఈ యింటిలో మేమిద్దరము ఇరువదియైదేండ్లకు పైగా నున్నాము. ఆ వీణ సంగతి మేము వినుట అదియే మొదలు. మేమును అడుగలేదు గదా!

ఆనాటినుండి సాయంకాలము నాలుగుగంటలకు మా పాఠము. మొదట వారు ఉకులేలేను ఒడిలో నుంచుకొని తడవి చూచిరి. ‘మా వీణమీద మీటువ్రేలు క్రిందికి పోవును, దీనిమీద మీదికి వచ్చును’ అని నవ్విరి. ముఖమునకు దగ్గరనున్న తంత్రి మీటి, ‘ఇది మందరము పలుకవలసినది, హెచ్చుగా నున్నది, సరిచేయుడు’ అనిరి. ఆ వాద్యపు ఏర్పాటే అట్టిదని, సాధారణముగా అట్లే కట్టుదురని మేము చెప్పగా సరేయనిరి. తప్పు చెప్పువారికి అన్నియు తెలిసియుండనక్కరలేదని మాకప్పుడు తెలిసినది. వాద్యము మాది, చెవి వారిది.

పెద్దకోడలిని దువ్వుమని చెప్పి, ఆమె మణికట్టుపై తమ వ్రేళ్లు ఉంచిరి. ‘ఇది మణికట్టు కాదు, రోకలి’ అనిరి. చేయి మోచేతినుండి బిగిసి కదలుచున్నది. కావుననే మీదికి పోవునప్పుడు వ్రేలు తంత్రులను తాకక గాలిలో పోవుచున్నది. తడిచేతిని విదలించునట్లు మణికట్టు వదులుగా నుండవలెనట. మరియు ఎడమచేతిని తంత్రులపై తేలికగా ఆన్చి, స్వరము పలుకకుండ చేసి, కుడిచేతి చప్పుడు మాత్రము వినుమనిరి. స్వరము పలుకుచున్నంతసేపు దాని తీపిలో లయదోషము దాగియుండును; స్వరమును తీసివేసినచో దోషము ఒంటరిగా బయటపడును. పట్టు మార్చునప్పుడు చేయి ఆగుటనుగూర్చి, ‘పోపుగింజలకై చేయిచాచినప్పుడు కలియబెట్టు చేయి ఆగునా? ఎడమచేయి తడబడినను కుడిచేయి నడువవలెను. పట్టు తప్పినను పరవాలేదు, నడక తప్పరాదు’ అనిరి. మంచముపట్టెపై వారు తాళము వేయుచుండ, ఆమె పదునైదు దినములు ఒక్క పాటయు పాడక దువ్వుచునే యుండెను.

చిన్నకోడలికి వేరు పాఠము. బొటనవ్రేలు మొదటి రెండు తంత్రులకు, చూపుడువ్రేలు మూడవదానికి, నడిమివ్రేలు నాలుగవదానికి అని ఆమె నేర్చియుండెను. నడిమివ్రేలిని కొక్కెమువలె వంచి తంత్రిని పైకి లాగుటచేత ఆ స్వరము అరచుచుండెను. ఆ తొందరలో బొటనవ్రేలు వెనుకబడుచుండెను. ‘ముగ్గు వేయునప్పుడు పిండిని విసరుదువా? విడుతువు గదా! తంత్రినిగూడ లాగవద్దు, విడువుము’ అనిరి. మీటుటకు ముందే వ్రేళ్లను తమ తమ తంత్రులపై సిద్ధముగా నానించి, ఒక్కొక్కటిగా విడువవలెను. నాలుగు స్వరములును ఒకే ఎత్తున వినబడువరకు వేగము పెంచరాదని కట్టడి చేసిరి. రెండు దినములలో కుదురునని ఆమె యనుకొన్నది. నెలయు నాలుగు దినములును పట్టెను.

ఈ అనుభవముచే మేము నేర్చినది కొంత చెప్పెదము. వాద్యమే కానక్కరలేదు, కుట్టుపనికిని వంటకును వ్రాతకును ఇది చెల్లును. ‘ఎట్లున్నది’ అని అడిగినవారికి ‘బాగున్నది’ అను జవాబే వచ్చును. ‘నా చేయి ఎక్కడ ఆగుచున్నది?’ అని ఒక్క సంగతిని అడుగవలెను. పాటయంతయు వినిపింపక, తడబడు నాలుగుపంక్తులనే వినిపింపవలెను. ఫోనులో పట్టినదానిని వెంటనే వినక మరునాడు వినవలెను. అప్పటికి మనము పరుల చెవితో వినగలము. ధ్వనినే కాక చేతిని గూడ చూపవలెను, ఏలనన దోషము చెవికి వినబడినను దాని కారణము చేతిలో నుండును. తప్పు చెప్పుచుండగా సమాధానము చెప్పుకొనరాదు. చెప్పినదెల్ల పాటింపవలెనని కాదు. పదిదినములు చేసి చూచి, పాత ధ్వనిని క్రొత్త ధ్వనిని ప్రక్కప్రక్కన విని, మేలైనదానిని నిలుపుకొనవలెను. కోపము వచ్చినచో రానీయవలెను; నాలుగు దినములకంటె ఎక్కువ ఉంచుకొనరాదు.

మరియొక మాట. మన యిండ్లలో తప్పు చెప్పుట యనగా దెప్పుటయే యని పేరుపడినది. అందుచేత మంచివారు నోరు మెదపరు. మెచ్చుకొనుటయే ప్రేమయని మనము తలంతుము. కాని ఆరునెలలు ఒకరి వాద్యమును శ్రద్ధగా విని, ఏ వ్రేలు ఆలస్యమగుచున్నదో గుర్తుంచుకొనుట యెంత ప్రేమయో ఆలోచింపుడు.

బొబ్బిలినుండి క్రొత్త వీణ తెప్పింతుమని అడిగితిమి. వ్రేళ్ల కీళ్లు వంగవని వారు వద్దనిరి. మేము బలవంతము చేయలేదు. మొన్న పెద్దకోడలు పాటయంతయు చేయి ఆగకుండ వాయించినది. మేము ఊపిరి బిగబట్టి అత్తగారి వంక చూచితిమి. ‘ఇప్పుడు నడక కుదిరినది. క్రిందికి దిగు దెబ్బ బరువైనది, అది చూడవలెను’ అనిరి. రేపు నాలుగుగంటలకు ఆ పని మొదలుపెట్టెదము.