సంకల్పము తరువాతి మార్పులు



నా మేనల్లుడు మా అచ్చంపేటలోనే యుండి వివాహముల వీడియోలకు ఎడిటింగ్ చేయుచు జీవించుచున్నాడు. ఏ స్టూడియోలోను ఉద్యోగి కాడు. పని ఒప్పుకొనును, పూర్తిచేయును, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చును. ఇచ్చిన పిమ్మటనే అసలు శ్రమ మొదలగుచున్నదని వాని ఆవేదన. "ఒక్క పాట మార్చుము, చాలును" అందురు. ఆ పాట లయను అనుసరించియే దృశ్యములన్నియు కూర్పబడి యుండును. పాట మారినచో తలంబ్రాల ఘట్టమంతయు మరల కోసి, మరల కూర్చి, మరల రెండర్ చేయవలెను. తెల్లవారును. రుసుము మాత్రము మొదట చెప్పినదే.

"అడుగుటకు సంకోచముగా నున్నది మామయ్యా, నిష్కామముగా చేయుమని గదా గీత" అని వాడొకనాడు నాతో ననెను.

ఈ అపార్థము మన ఆస్తికులలో మిక్కిలిగా గలదు. కర్మఫలమునందు ఆసక్తి వలదనుట వేరు, చేసిన సేవకు మూల్యము వలదనుట వేరు. మీమాంసకులు దక్షిణను పరిక్రయమనిరి. అనగా ఋత్విజుల సేవను యజమానుడు కొనుట. స్వర్గాది ఫలము యజమానునిదే, ఋత్విజునిది దక్షిణయే. జ్యోతిష్టోమమునకు 112 గోవులు దక్షిణగా విధింపబడినవి. యాగమధ్యమున ఋత్విజుడు అశక్తుడైనచో ఏ దశలో ఎంత భాగము చెల్లవలెనో కౌటిల్యుడు అర్థశాస్త్రము మూడవ అధికరణమున లెక్క చెప్పెను. దీక్ష పిమ్మట అయిదవ వంతు. ఇంత వివరముగా వ్రాసినవారు లోభులు కారు గదా!

ఇక మార్పుల సంగతి. జైమిని మహర్షి పూర్వమీమాంసలో తొమ్మిదవ అధ్యాయమును ఊహకే కేటాయించెను. ఆగ్నేయ యాగమంత్రమును సౌర్యచరువునకు వాడునపుడు అగ్ని శబ్దస్థానమున సూర్య శబ్దము నుంచుట ఊహ. కర్మస్వరూపము నిలుచును, పదము మారును. పిలుపు వీడియోలో ముహూర్తపు వేళ మార్చుట అట్టిది. దానికి పైకమడుగుట నాకు నచ్చదు. వధువు పేరు వాడే తప్పుగా వ్రాసియున్నచో అది ప్రాయశ్చిత్తము, భారము వానిదే. పాట మార్చుట ఈ రెండును కాదు. సత్యనారాయణ వ్రతము నడుమ అమెరికాలోని అబ్బాయి గోత్రనామములు చేర్చుమన్నచో సంతోషముగా చేర్చెదను. ఉద్వాసన చెప్పి లేచిన పిదప "నవగ్రహ హోమము గూడ కానిండు" అన్నచో మరల సంకల్పము, మరల సంభారములు, మరల దక్షిణ. దీనిని ఎవరును ఆక్షేపింపరు. కావున ఎన్ని మార్పులు మొదటి రుసుములో చేరునో పని పట్టుటకు ముందే కాగితముపై వ్రాసి ఇమ్మని వానికి చెప్పితిని. దేశకాలములు, గోత్రము, కోరిక ముందుగా పలుకక మనము అక్షత వదలము గదా.

అయితే గత మాఘమున వచ్చిన కోరిక ఈ లెక్కకు లొంగలేదు. వీడియో తీసికొనిన నెలకు ఒక కన్యాదాత ఫోన్ చేసెను. ఆస్తి తగవు వచ్చినదట; వధువు మేనమామ ఎక్కడను కనబడరాదట. అమ్మాయిని గంపలో కూర్చుండబెట్టి మండపమునకు తెచ్చినవాడు ఆ మేనమామయే. పౌరోహిత్యము నాదే కనుక, గంప ఎత్తునపుడు అతని కన్నులు చెమర్చుట నేను దగ్గరనుండి చూచితిని. అతనిని తీసివేసినచో వధువు మండపమునకు ఎట్లు వచ్చినట్లు? జరిగిన కర్మను జరుగలేదనుట ఊహ కానేరదు.

పైకమిచ్చినవాని కోరికను పూర్తిగా కాదనుటయు తగదు. "వారడిగినట్లు వేరొక ప్రతి చేయుము. అది క్రొత్త పని, రుసుము ముందే చెప్పుము. మొదటి ప్రతిని మాత్రము చెరపకుము, ఆ అమ్మాయి ఏనాడైన అడుగవచ్చును" అంటిని. వాడట్లే చెప్పెను. ఆలోచించి చెప్పెదమనిరి. ఇంతవరకు ఫోన్ రాలేదు. హార్డ్ డిస్క్ వాని బీరువాలో నున్నది.