బెలీజ్ నది వెంట

మధ్య అమెరికాలోని బెలీజ్ దేశపు పడమటి అంచున, గ్వాటెమాలా భూముల గుండా వచ్చే మోపాన్, మాయా పర్వతాల నుంచి దిగివచ్చే మకాల్ అనే రెండు నదులు శాన్ ఇగ్నాసియో పట్టణం దగ్గర కలిసి బెలీజ్ నదిగా మారతాయి. మోపాన్ ఒడ్డున ఒకవైపు షునాన్‌తునిచ్ అనే ప్రాచీన మాయా నగర శిథిలాలు, రెండోవైపు సుకోట్స్ అనే గ్రామం ఉన్నాయి. వాటి మధ్య చేతితో తిప్పే యంత్రంతో నడిచే బల్లకట్టు ప్రయాణికులను దాటిస్తుంది. ఈ ప్రాంతపు మాయా కుటుంబాల పక్కనే స్పానిష్ మాట్లాడే మెస్తీసోలు, అనగా స్పానిష్, ఆదివాసీ రక్తాలు కలిసిన సంతతివారు, అధిక సంఖ్యలో నివసిస్తారు.

కొంత దిగువన, 1958లో మెక్సికో నుంచి వచ్చిన మెన్నోనైట్లు స్థాపించిన స్పానిష్ లుకౌట్ ఉంది. యుద్ధాన్ని తిరస్కరించే ఈ క్రైస్తవ శాఖవారు ఇళ్లలో ఒక జర్మన్ మాండలికం మాట్లాడుతూ, దేశానికి పాలు, కోళ్లు సమకూరుస్తున్నారు. 1980ల్లో ఎల్ సాల్వడార్, గ్వాటెమాలాల అంతర్యుద్ధాల నుంచి పారిపోయి వచ్చిన కాందిశీకులకు రాజధాని బెల్మోపాన్ పరిసరాల్లోనే 'శాంతి లోయ' అనే గ్రామం ఏర్పడింది. స్పానిష్ మాట్లాడేవారి సంఖ్య పెరగడానికి ఈ వలసలు ముఖ్య కారణం.

అక్కడి నుంచి సముద్రం దాకా ఈ నది క్రియోల్‌ల నది. అద్దకపు రంగునిచ్చే లాగ్‌వుడ్‌ను, ఆ తరువాత మహాగనీని బ్రిటిష్ వ్యాపారులు ఆఫ్రికన్ బానిసల చేత నరికించి ఈ ప్రవాహం మీదుగానే తరలించారు. బరెల్ బూమ్ అనే ఊరికి, కొట్టుకొచ్చే దుంగలను ఆపడానికి నదికి అడ్డంగా కట్టిన గొలుసు వల్లనే ఆ పేరు వచ్చింది. ఆ బానిసలకు, బ్రిటిష్ వారికి పుట్టిన సంతతే క్రియోల్‌లు. ఆంగ్లం అధికార భాష అయినప్పటికీ, వారి క్రియోల్ భాషే నేడు అన్ని జాతులవారినీ కలిపే వ్యవహార భాష. ఆ దుర్భర దాస్యంలో పుట్టిన భాషకు ఈ స్థానం దక్కడం విశేషం.

దక్షిణ తీరంలోని గరిఫూనాలు, కరీబ్ ఆదివాసుల, ఆఫ్రికన్ల వారసులు, ఈ నదికి దూరంగానే ఉన్నారు. చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా తెచ్చిన భారతీయుల వారసులూ అంతే. 2010 జనగణనలో మెస్తీసోలు 52.9 శాతం, క్రియోల్‌లు 25.9, మాయాలు 11.3, గరిఫూనాలు 6.1, భారతీయులు 3.9, మెన్నోనైట్లు 3.6 శాతంగా తేలారు. ఈ అంకెల మొత్తం నూరు దాటుతుంది. ఒక వ్యక్తి ఒకటికంటే ఎక్కువ జాతులను తనవిగా చెప్పుకోవడానికి ఆ జనగణన అనుమతించింది.