సముద్రంలో డబుల్‌ సిలిండర్‌!

‘‘రెండు సిలిండర్లుంటే మంచిదే కదే! ఒకటి అయిపోతే ఇంకోటి ఉంటుంది. మనం మాత్రం డబుల్‌ సిలిండర్‌ కనెక్షన్‌ తీసుకోలేదూ?’’

అమ్మ అన్న ఈ మాటకి ముందు నవ్వొచ్చింది. తరవాత ఆలోచిస్తే, స్క్యూబా డైవింగ్‌ చేసేవాళ్లలోనూ చాలామంది అనుకునేది అచ్చం ఇదే. కాకినాడలో మా వంటింటి గ్యాస్‌ బండల లెక్క సముద్రం అడుగున ఎందుకు చెల్లదో అమ్మకి చెప్పడానికి ఓ పూట పట్టింది. తమ్ముడికి చెప్పడానికి మూడు వారాలు పట్టింది.

వాడు దుబాయ్‌లో ఉద్యోగం చేస్తాడు. సెలవు దొరికితే చాలు, ఫుజైరా వెళ్లి సముద్రంలో దూకుతాడు. ఓపెన్‌ వాటర్‌ కోర్సు అయింది, అడ్వాన్స్‌డ్‌ కూడా అయింది. అంటే 30 మీటర్ల లోతు వరకూ వెళ్లొచ్చన్నమాట. ఈమధ్య వాడి ఆఫీసులో ఒకాయన ఉద్యోగం మానేసి స్వదేశం వెళ్లిపోతూ తన జంట సిలిండర్ల సెట్టు అమ్మకానికి పెట్టాడు. 12 లీటర్ల స్టీలు సిలిండర్లు రెండు, వాటిని కలిపే గొట్టం, రెండు రెగ్యులేటర్లు, వీపుకి కట్టుకునే స్టీలు పలక... అన్నీ కలిపి కారుచౌక. ‘‘అక్కా, ఇవి వాడాలంటే మళ్లీ కోర్సు చెయ్యాలంటున్నారు. ఆ ఫీజుతో ఇంకో సెట్టు కొనుక్కోవచ్చు. నిజంగా అవసరమా, లేకపోతే వాళ్ల వ్యాపారమా?’’ అని ఫోన్‌.

నన్నే ఎందుకడిగాడంటే, మా ఇంట్లో వాడు కాకుండా నీళ్లలో మునిగింది నేనొక్కదాన్నే. అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో- 2018 నుంచి దాని పేరు స్వరాజ్‌ ద్వీప్‌- ఓపెన్‌ వాటర్‌ కోర్సు చేశాను. అక్కడితో ఆగాను. జంట సిలిండర్లు నేనెప్పుడూ వీపున మొయ్యలేదు. కానీ అడిగింది తమ్ముడు, విషయం ప్రాణంతో పని. అందుకని ఏదైనా ఫీచర్‌ రాసేముందు చేసే పనే చేశాను. పుస్తకాలు తిరగేశాను, తెలిసిన శిక్షకుల్ని విసిగించాను.

వాడి వాదన తీసిపారేసేదేం కాదు. 1943లో ఫ్రాన్స్‌లో జాక్‌ కూస్తో, ఎమిల్‌ గాన్యాన్‌ కలిసి ఆక్వాలంగ్‌ తయారుచేసినప్పుడు వాళ్లకి ఎవరు కోర్సు పెట్టారు? ఆ తొలితరం డైవర్లు రెండేసి, మూడేసి సిలిండర్లు కట్టుకుని దూకేవాళ్లు. ఇప్పుడు ప్రపంచమంతా కార్డులు జారీచేస్తున్న పాడీ సంస్థ పుట్టిందే 1966లో. ‘‘అంతెందుకక్కా, మనకి ఈత ఎవరు నేర్పారు? వీపుకి సొరబుర్ర కట్టి మావయ్య కాలవలోకి తోసేశాడు. వచ్చేసింది!’’ అన్నాడు.

నిజమే, వచ్చేసింది. కానీ ఆ కాలవలో ఉన్న సదుపాయం ఒకటుంది. ఎంత తడబడినా, ఎన్ని నీళ్లు మింగినా, తల పైకెత్తితే గాలి. జంట సిలిండర్ల సంగతంతా ఈ ఒక్క సదుపాయం చుట్టూనే తిరుగుతుంది. దానికి కాస్త లెక్క చెప్పుకోవాలి. భయపడకండి, ఎక్కాలు వస్తే చాలు.

డైవింగ్‌ షాపుల్లో మామూలుగా అద్దెకిచ్చే అల్యూమినియం సిలిండర్లో 11 లీటర్ల చోటుంటుంది. 200 బార్ల ఒత్తిడితో నింపితే అందులో దాదాపు 2200 లీటర్ల గాలి పడుతుంది. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషినే తీసుకుందాం. నీళ్లలో ప్రతి 10 మీటర్లకీ ఒక బార్‌ చొప్పున ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి 30 మీటర్ల దగ్గర అతనికి నాలుగింతల గాలి కావాలి. అంటే నిమిషానికి 80 లీటర్లు. చివరి 50 బార్లూ పైకి రావడానికి అట్టిపెట్టుకుంటే వాడుకోవడానికి మిగిలేది 1650 లీటర్లు. 20 నిమిషాలకి సరి!

మరో పక్క నత్రజని ఉంది. లోతుకి వెళ్లేకొద్దీ మనం పీల్చే గాలిలోని నత్రజని రక్తంలోకీ కండల్లోకీ కరిగి చేరుతుంది. గోలీసోడా గుర్తుందిగా... గోలీ ఒక్కసారి లోపలికి నొక్కితే బుస్సున పొంగుతుంది. ఎక్కువసేపు లోతులో ఉన్న మనిషి గబుక్కున పైకి వస్తే ఒంట్లో జరిగేదీ అదే. కీళ్ల నొప్పులతో మొదలై పక్షవాతం దాకా వెళ్లొచ్చు. అందుకే ఏ లోతులో ఎంతసేపు ఉంటే మధ్యలో ఆగకుండా పైకి రావచ్చో పట్టికలు తయారుచేశారు. పాడీ పట్టికలో 30 మీటర్లకి ఉన్న గరిష్ఠ సమయం ఎంతో తెలుసా? 20 నిమిషాలు!

కాగితం మీద ఈ రెండంకెలూ పక్కపక్కన రాసి చూసుకున్నప్పుడు నాకు మొత్తం విషయం అర్థమైంది. ఒంటి సిలిండరూ, ఒంట్లోని నత్రజనీ దాదాపు ఒకే సమయానికి ‘ఇక చాలు, పద’ అంటాయి. నిదానంగా గాలి పీల్చేవాళ్లకీ, తక్కువ లోతులోనూ ఈ లెక్క ఇంత చక్కగా కుదరదనుకోండి. అయినా మొత్తమ్మీద ఆ చిన్న సిలిండర్‌ మనకి తెలియకుండానే కాపలా కాస్తుంది. తమ్ముడు కొందామనుకున్న సెట్టులో 24 లీటర్ల చోటుంది. అదే 50 బార్లు పక్కనపెట్టినా 3600 లీటర్లు చేతిలో ఉంటాయి. 30 మీటర్ల దగ్గర 45 నిమిషాలు! కాపలావాడు సెలవు పెట్టేశాడు. అన్నాళ్లూ ‘గాలి అయిపోతోంది, వెళ్దాం’ అని బయల్దేరిన మనిషికి ఇప్పుడు గాలి పుష్కలంగా ఉంటుంది. నేరుగా పైకి రావడానికి మాత్రం ఉండదు. మెట్టుమెట్టు దగ్గరా ఆగుతూ రావాలి. తల మీద కనిపించని పైకప్పు ఒకటి వచ్చి కూర్చుంటుంది.

‘‘ఎక్కడ ఎంతసేపు ఆగాలో చేతికున్న కంప్యూటరే చెబుతుందిగా!’’ అన్నాడు వాడు. చెబుతుంది. ఆరు మీటర్ల దగ్గర ఇన్ని నిమిషాలు ఆగు అంటుంది. కానీ పట్టుకుని ఆపదు. ఆ సెట్టు ఒడ్డున 40 కిలోల దాకా తూగుతుంది. అందులో 3600 లీటర్ల గాలి వాడేస్తే నాలుగు కిలోలకి పైగా బరువు తగ్గిపోతుంది. గాలికి బరువేమిటనుకోకండి, వాడేకొద్దీ గ్యాస్‌ బండ తేలికవడం లేదూ? అంటే కదలకుండా ఆగి తీరాల్సిన సమయానికి మనిషి పైకి తేలిపోవడానికి సిద్ధంగా ఉంటాడు. దిగేటప్పుడు దీనికి తలకిందులు. నిండు స్టీలు సిలిండర్లు, పల్చటి వెట్‌సూటు. తేలడానికి వాడే గాలిసంచి చిరిగిందంటే, ఆ బరువుని కాళ్లతో ఈదుకుంటూ పైకి తేవడం కష్టం. వదిలించుకోవడానికి నడుముకి సీసం దిమ్మలు కూడా ఉండవు. వేడి నీళ్ల సముద్రాల్లో పల్చటి సూటుతో స్టీలు జంట వద్దని చాలామంది శిక్షకులు చెప్పే కారణం ఇదే. అమ్మేసి వెళ్లినాయన ఈ సంగతి చెప్పాడా అని అడిగితే, తమ్ముడు కాసేపు మాట్లాడలేదు.

ఇక అమ్మ ప్రశ్న. ఒకటి అయిపోతే ఇంకోటి ఉంటుందిగా? ఉండదు. వంటింట్లో రెండో బండ మూతతో పక్కన ఉంటుంది. నీళ్లలో రెండు సిలిండర్లనీ పైన ఒక గొట్టం కలుపుతుంది. రెండూ కలిసే తరిగిపోతాయి. ఆ గొట్టం మధ్యలో ఒక వాల్వు, రెండు కొసల్లో చెరొకటి, మొత్తం మూడు. మూడూ మెడ వెనకే. కళ్లకి కనిపించవు. ఒక రెగ్యులేటర్‌ పాడై గాలి బుసకొడుతుంటే ఆ చప్పుడు కుడివైపు నుంచో ఎడమవైపు నుంచో చెవితో పోల్చుకోవాలి. చెయ్యి వెనక్కి పెట్టి సరైన వాల్వు కట్టేసి, రెండో రెగ్యులేటర్‌ నోట్లో పెట్టుకోవాలి. అది చేతనైతే జంట సిలిండర్లంత భరోసా ఇంకోటి లేదు, ఈ మాట ఒప్పుకోవాలి. చేతకాకపోతే రెండు సిలిండర్ల గాలీ ఒక్క రంధ్రంలోంచి నిమిషాల్లో పోతుంది. కంగారులో మంచి వాల్వు కట్టేస్తే చెప్పేదేముంది!

అన్నిటికన్నా నన్ను వణికించింది మధ్య వాల్వు. దాన్ని కట్టేసి ఉంచి, తెరవడం మర్చిపోయారనుకోండి. మామూలు అమరికలో మనం పీల్చేది కుడి సిలిండర్‌ నుంచి. మీటరు ఎడమదానికి ఉంటుంది. పదిహేను నిమిషాలైనా సూది కదలదు. ‘ఆహా, ఇవాళ గాలి ఎంత పొదుపుగా వాడుతున్నానో’ అని మురిసిపోతుంటే, ఉన్నట్టుండి నోట్లో గాలి ఆగిపోతుంది. శిక్షణ ఉన్నవాడు కదలని సూదిని చూసి అప్పటికే చెయ్యి వెనక్కి పెట్టి ఉంటాడు.

ఇవన్నీ వీడియోల్లో ఉన్నాయనేది వాడి చివరి అస్త్రం. ఉన్నాయి, నేనూ చూశాను. కానీ తెలియడం వేరు, నీళ్లలో చెయ్యడం వేరు. హేవ్‌లాక్‌లో కళ్లద్దాల్లోకి వచ్చిన నీళ్లని ముక్కుతో ఊది బయటికి పంపడం నేర్పారు. ఒడ్డున మొదటిసారికే అర్థమైంది. అయిదు మీటర్ల లోతులో ముక్కుల్లోకి ఉప్పునీళ్లు వెళ్లేసరికి ఒంట్లో ప్రతి కండా ‘పైకి, పైకి’ అంది. శిక్షకురాలు నా జాకెట్‌ పట్టీ గట్టిగా పట్టుకుని, మళ్లీ చెయ్యమని వేలితో సైగ చేసింది. అలా ఏడుసార్లు. కోర్సులో నేను డబ్బు కట్టింది ఆ పట్టీ పట్టుకున్న చేతికే అనిపిస్తుంది. మొదటిరోజే ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది... ఇక్కడ ఎవరికైనా నత్రజని దెబ్బ తగిలితే సముద్రం దాటించి పోర్ట్‌బ్లెయిర్‌ (2024 నుంచి శ్రీ విజయపురం) నౌకాదళ ఆసుపత్రిలోని ప్రెషర్‌ ఛాంబర్‌కి చేర్చాలని. పడవలో తక్కువలో తక్కువ గంటన్నర.

కూస్తో కథలో మా తమ్ముడు వదిలేసిన పేజీ కూడా ఒకటుంది. ఆ బృందంలోనే మారిస్‌ ఫార్గ్‌ అని ఆరితేరిన డైవరు. 1947లో దాదాపు 120 మీటర్ల లోతుకి వెళ్లాడు. తాడు లాగి పైకి తెచ్చేసరికి ప్రాణం లేదు. కోర్సుల్లేని రోజుల్లో పాఠాలు ఈ రకంగా వచ్చాయి. అమెరికాలోని ఫ్లోరిడా నీటిగుహల్లోనూ అంతే. షెక్‌ ఎక్స్‌లీ అనే గుహ డైవరు జరిగిన ప్రమాదాలన్నీ ఏరి, ఎందుకు పోయారో చూసి, 1979లో చిన్న పుస్తకం రాశాడు. బయటికి దారి చూపే తాడు వెయ్యకపోవడం, తిరుగు ప్రయాణానికి మూడింట రెండొంతుల గాలి ఉంచుకోకపోవడం, మరీ లోతుకి పోవడం... మళ్లీ మళ్లీ ఇవే. ఇప్పుడు ఆ గుహల ముందు, నీళ్లలోనే, మృత్యువు బొమ్మతో బోర్డులుంటాయి. 300 మందికి పైగా ఇలాంటిచోట్ల చనిపోయారనీ, వాళ్లలో డైవింగ్‌ శిక్షకులు కూడా ఉన్నారనీ ఆ బోర్డు చెబుతుంది. శిక్షకులు! బయటి సముద్రంలో పదిమందికి నేర్పినవాళ్లు.

మరి కోర్సు తప్పనిసరా? కార్డు మీద నాకంత మోజు లేదు. రెండ్రోజుల్లో అయిందనిపించి చేతిలో కార్డు పెట్టే చోట్లూ ఉంటాయి. పది మీటర్లలో, పక్కన తెలిసినవాడుండగా, జంట సిలిండర్లతో కాసేపు ఈదిరావడం బ్రహ్మవిద్య కాదు. బ్రిటన్‌ డైవింగ్‌ క్లబ్బుల్లో సీనియర్లే దగ్గరుండి నేర్పిస్తారు. కాకపోతే పది మీటర్లలో ఈదడానికి 40 కిలోలు ఎవరు మోస్తారు చెప్పండి? ఆ సెట్టు కొన్నవాడు ఇవాళ కాకపోతే ఆర్నెల్లకి లోతుకి వెళ్తాడు. ఫుజైరా దగ్గర 30 మీటర్ల అడుగున ఓడ శిథిలాలున్నాయి, వాడి కన్ను వాటిమీదే. అందుకే ముందు నేర్చుకోమన్నాను, ఆ తరవాతే కొనమన్నాను. టీడీఐ వాళ్ల ‘ఇంట్రో టు టెక్‌’, జీయూఈ వాళ్ల ‘ఫండమెంటల్స్‌’లాంటివి ఇందుకే ఉన్నాయి. ఏ సంస్థ అన్నదానికన్నా ముఖ్యంగా ఒక ప్రశ్న అడగమన్నాను... ‘చేతకాలేదంటే మీరు కార్డు ఇవ్వకుండా పంపిస్తారా?’ అని. అవునన్నవాడి దగ్గరే చేరమన్నాను.

సగం విన్నాడు. సెట్టు ముందే కొనేశాడు! కాకపోతే స్టీలు సిలిండర్లు గది మూలన పెట్టి, అద్దెకి తీసుకున్న అల్యూమినియం జంటతో కోర్సులో చేరాడు. మొదటి రెండు తరగతులూ ఈతకొలనులోనే. ఊపిరి బిగపట్టకుండా మూడు వాల్వులూ వరసగా కట్టి, తెరవాలి. శరీరం మాత్రం ఉన్నచోటనుంచి పైకీ కిందికీ కదలకూడదు. రోజంతా కీబోర్డు ముందు కూర్చునే భుజాలు వెనక్కి తిరగడం లేదట. శిక్షకుడు చెప్పాడని ఆఫీసుకి వెళ్లేముందు తువ్వాలు వీపు వెనకనుంచి లాగుతూ కసరత్తు చేస్తున్నాడు. కుడి వాల్వు అందుతోంది, మధ్యది అందుతోంది. ఎడమది ఇంకా వేలికొసకే తగులుతోందని నిన్న రాత్రి ఫోన్‌ చేసి చెప్పాడు.