లక్కయింటి బిలము

వెలిమెలలో మేమొక చిన్న యిల్లు కట్టించుచున్నాము. కూలివారి సంసారమొకటి ఆవరణలోని రేకుల పాకలోనే కాపురమున్నది. మొన్న వెల్డింగు రవ్వ యొకటి గోనెసంచులపై బడి, పని ముగిసిన గడియకు మంట లేచెను. పాకలో పసిబిడ్డ నిద్రించుచుండెను. తల్లి బిందెడు నీరు కుమ్మరించుటచే గండము గడచెను. తప్పు మాదే యని సిగ్గుపడితిమి.

2022 మార్చి 23న సికింద్రాబాదు బోయిగూడలో తుక్కు గిడ్డంగి తగులబడి, పైయంతస్తున నిద్రించుచుండిన బీహారు కూలీలు 11 మంది మరణించిరి. దిగుటకు మెట్లదారి యొక్కటియే యుండెను.

లక్కయింట పాండవులను గాచినది విదురుడు ముందుగా త్రవ్వించిన బిలము గదా! మేమును పాకకు రెండవ వాకిలి పెట్టించితిమి, ఇసుక బకెట్లుంచితిమి, వెల్డింగు ముగిసినను గంటసేపు కావలి యుండ నియమించితిమి, 101 సంఖ్యను గోడపై వ్రాయించితిమి. మనము పాలు పొంగింపకమున్నే ఆ నేలపై నొక తల్లి పొయ్యి రాజేసినదని మరువకుందము.