నాన్నకో రాడ్డు

చేపలు పట్టడం గురించి నేను చదివిన కథలు చాలా ఉన్నాయి గానీ, పట్టిన చేప మొన్న ఏప్రిల్ దాకా ఒక్కటీ లేదు. అలాంటివాణ్ణి, ఒకరోజు రాత్రి ఒంటిగంటప్పుడు బ్రౌజర్లో నలభై టాబులు తెరుచుకుని, కరోలినా రిగ్‌కి ఏ రాడ్డు మంచిదని స్ప్రెడ్‌షీట్ చేస్తూ కూర్చున్నాను. పొడవు, పవర్, యాక్షన్, బరువు, ధర. ఏ కాలమ్‌కి ఎంత వెయిటేజీ ఇవ్వాలో ఇంకో షీటు. ఆఫీసులో డేటాబేస్ ఎంచుకోడానిక్కూడా ఇంత కష్టపడలేదు.

కారణం నాన్న. మేం ఉండేది నార్త్ కరోలినాలో, కేరీ అనే ఊళ్లో. మార్చిలో ఆరునెలలుండటానికి వచ్చాడు. అందరి అమ్మానాన్నల్లాగే మొదటి రెండు వారాలు కాస్ట్‌కో, గుడి, తెలిసినవాళ్ల ఇళ్లు. మూడో వారం నుంచి సోఫాలో కిటికీ వైపు తిరిగి కూర్చోవడం మొదలైంది. "బోరు కొడుతోందా నాన్నా?" అంటే "లేదురా, బానే ఉంది" అనేవాడు. ఫోన్లో పదేళ్లుగా వింటున్న జవాబే అది. ఎదురుగా కూర్చుని చెప్పినా ఏం తేడా లేదు.

నాన్న నకరికల్లు దగ్గర సాగర్ కుడికాలువ మీద లష్కరుగా చేసి రిటైరయ్యాడు. లష్కరంటే తెలియనివాళ్లకి: గట్టు వెంట సైకిలు మీద తిరగాలి, చెప్పిన టైముకి షట్టర్లు ఎత్తాలి, దించాలి, గేజీ చూసి నీళ్లు ఎన్ని అడుగులున్నాయో రాయాలి, రాత్రిపూట ఎవరైనా గండి కొడితే అక్కడికి పోయి తిట్లు తినాలి. 1967లో నీళ్లొదిలిన ఆ కాలవకి జవహర్ కాలవని పేరు. పొడవు 203 కిలోమీటర్లు. అందులో మా నాన్న వంతు ఓ చిన్న ముక్క. ఎనిమిదో తరగతిలో హాస్టల్ అప్లికేషన్లో నేను తండ్రి వృత్తి దగ్గర "గవర్నమెంట్ ఎంప్లాయీ" అని రాశాను. అబద్ధమేం కాదు. ఎందుకలా రాశానో మాత్రం నాకు తెలుసు.

కాలవ కట్టేశాక డ్రాపుల కింద గుంటల్లో నీళ్లు నిలిచేవి. అక్కడ నాన్న గాలం వేసేవాడు. వెదురు బద్ద, టంగీసు దారం, వానపాము. అందరూ దారానికి బెండు కట్టి అది మునగడం కోసం చూస్తుంటే, నాన్న మాత్రం బెండు లేకుండా, సైకిల్ షాపులో దొరికే ఇనుప నట్టులోంచి దారం దూర్చి, దాని కింద ఓ పుల్లముక్క ముడేసి, అక్కణ్నుంచి మూరెడు దారం వదిలి గాలం కట్టేవాడు. నట్టు అడుక్కి పోతుంది, ఎర దానికి మూరెడు దూరంలో ఆడుతుంటుంది. చేప ఎర నోట్లో పెట్టుకుని లాగితే దారం నట్టులోంచి జారుతుంది గానీ నట్టు కదలదు. "బరువు తగిలితే అది ఉమ్మేస్తదిరా" అనేవాడు.

ఇరవై ఏళ్ల తర్వాత, ఇక్కడ కొలీగ్ ఒకాయన లంచ్ టేబుల్ దగ్గర పేపర్ నాప్కిన్ మీద కరోలినా రిగ్ బొమ్మ గీస్తుంటే నాకు ఆ నట్టు గుర్తొచ్చింది. మెయిన్ లైన్ మీద జారే బరువు, దాని కింద చిన్న గాజుపూస, ఓ స్వివెల్, అక్కణ్నుంచి రెండు మూడు అడుగుల సన్నటి లీడర్, చివర హుక్కు, హుక్కుకి ప్లాస్టిక్ బల్లి. పూసకి బరువు తగిలి టిక్కుటిక్కుమంటుంది. పుల్లముక్క బదులు స్వివెల్, వానపాము బదులు బల్లి. మిగతాదంతా మా డ్రాపు కిందదే.

1985లో జాక్ ఛాన్సలర్ అనే ఆయన ఆర్కన్సా నదిలో ఈ పద్ధతితోనే బాస్‌మాస్టర్ క్లాసిక్ గెలిచాడు. ఆయన వాడిన ప్లాస్టిక్ పురుగు పేరు "డూ నథింగ్", అంటే ఏ పనీ చెయ్యని పురుగు. ఈ సంగతి చెప్తే నాన్న వచ్చాక మొదటిసారి పెద్దగా నవ్వాడు. "అట్టాంటోళ్లు మనూళ్లో చానామంది ఉన్నార్రా, బహుమానాలే రాలా."

ఆ నవ్వుతో నాకు హుషారొచ్చి స్ప్రెడ్‌షీట్ మొదలెట్టాను.

తేలిందేంటంటే, ఈ రిగ్‌కి రాడ్డు పొడుగ్గా ఉండాలి. ముప్పావు ఔన్సు బరువునీ, వెనకాల మూడడుగుల లీడర్‌నీ కలిపి దూరంగా విసరాలి. చేప పట్టినప్పుడు నీళ్లలో వదులుగా ఉన్న దారమంతా ఒక్క ఊపులో పక్కకి లాగాలి. పొట్టి రాడ్డుతో ఆ ఊపు చాలదు. అందుకని ఏడడుగుల మూడంగుళాలు, మీడియం హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్. పవర్ అంటే ఎంత బలానికి వంగుతుందో, యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుందో. ఫాస్ట్ అంటే కొస మాత్రమే వంగుతుంది. రీలు బెయిట్‌కాస్టర్. బరువుకి సీసం కాదు, టంగ్‌స్టన్. ఘన సెంటీమీటరు సీసం 11.3 గ్రాములైతే టంగ్‌స్టన్ 19.3. అదే బరువు చిన్న గుండులో ఇమిడిపోతుంది. గట్టిది కాబట్టి అడుగున గులకరాయి తగిలినా, బురద తగిలినా ఆ తేడా దారం మీదుగా చేతిదాకా వస్తుందట. మొత్తం రెండువందల యాభై డాలర్లు. నాన్న రూపాయల్లోకి మార్చుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంటికి దగ్గర్లో జోర్డన్ లేక్. సుమారు పద్నాలుగు వేల ఎకరాల రిజర్వాయరు, వరదలాపడానికి కట్టింది. నాన్నకి పదిరోజుల లైసెన్స్ తీసుకున్నాను. "కాలవ లష్కరుకి నీళ్లకాడ లైసెన్సంటరా!" అన్నాడు. ఒడ్డున నిలబడి ముందు నీటి మట్టం చూశాడు, చెట్ల మొదళ్ల మీది మరకలు చూశాడు. "పోయిన నెల అడుగున్నర ఎక్కువుంది" అన్నాడు. ఇంటికొచ్చాక చూస్తే ఇంచుమించు అంతే.

లోతు లేని చోట ఓ లార్జ్‌మౌత్ బాస్ కదలకుండా నిలబడి ఉంది. మగది. గుడ్లకి కాపలా కాసేది మగదే. దాని ముందు ఎర పడితే కోపంతో కొరుకుతుందని చదివాను. ఆ మాటే చెప్పి వెయ్యమన్నాను. నాన్న వెయ్యలేదు. "పిల్లలమీదున్న కొర్రమీనుని కూడా ఎవురూ ముట్టరు. పద" అన్నాడు. మా ఊళ్లో ముట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారని నాకు తెలుసు. ఎదురు చెప్పలేదు.

మూడు ఆదివారాలు వెళ్లాం. ఒక్క చేపా పడలేదు. నాన్న విసిరినప్పుడల్లా బెయిట్‌కాస్టర్ చిక్కుపడి పిచ్చుకగూడులా తయారయ్యేది. ఆ చిక్కు తీస్తూ నేను వివరించేవాణ్ణి: స్పూల్ మీద బొటనవేలు ఆనించి ఉంచు, బరువు నీళ్లని తాకే ముందు నొక్కు. నాన్న తలూపేవాడు. మళ్లీ చిక్కు. నీళ్లలోకి పోయే చోట దారం టక్కున అదరడం నాకు కనపడేది. "నాన్నా, లాగు లాగు!" ఆయన లాగేసరికి అది పోయేది. వయసు, అలవాటు లేకపోవడం అనుకున్నాను. ఇంజనీర్ని కదా, పరిష్కారం కూడా నాకు అర్థమయ్యేదే తోచింది: ఇంకా సెన్సిటివ్ రాడ్డు. ఇంకో నూటఎనభై డాలర్లు పెట్టి, ఈకలా తేలికైన గ్రాఫైట్ రాడ్డు కొన్నాను. దాంతోనూ అంతే.

నాలుగో ఆదివారం రాడ్డు కార్క్ పిడి మీద రక్తం కనిపించింది.

"నాన్నా, వేలు!"

హుక్కు చూపుడువేలి కొసలో గుచ్చుకుని ఉంది. నాన్న చెయ్యి పైకెత్తి, వేరేవాళ్ల వేలు చూసినట్టు చూశాడు. ఆయనకి తెలియలేదు. ఎంతసేపట్నుంచి ఉందో కూడా తెలియలేదు.

ఒడ్డునే రాయి మీద కూర్చోబెట్టి తీశాను. ఎప్పట్నుంచి ఇలా అంటే, "రెండేళ్లయి ఉంటది. ముందు కాళ్లు, తర్వాత చేతులు. షుగరు గదా, మొద్దుబారినై" అన్నాడు. వచ్చిన కొత్తలో కాఫీ గిన్నె చేత్తో పట్టుకుని వేళ్లు బొబ్బలెక్కడం గుర్తొచ్చింది. ఆరోజు నేను ఆయింట్‌మెంట్ ఇచ్చి, జాగ్రత్తగా ఉండమని చెప్పి మీటింగ్‌కి వెళ్లిపోయాను.

"మరి ఫోన్లో ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెప్తే ఏం జేస్తావు? ఇంకో మిషను పంపుతావు."

షుగరు మిషను, బీపీ మిషను, కాళ్లకి మసాజ్ మిషను. మూడూ నేను పంపినవే. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ రాత్రి నరసరావుపేటలో నాన్నని చూసే డాక్టరుకి ఫోన్ చేసి మాట్లాడాను. మందు మార్చారు, రోజూ అరికాళ్లు, అరచేతులు చూడమన్నారు. తర్వాత స్ప్రెడ్‌షీట్ తెరిచాను. ఐదు కాలమ్స్‌లో ఆ రాడ్డు పట్టుకునే చెయ్యి ఎవరిదన్న కాలమ్ లేదు. బెయిట్‌కాస్టర్‌కి బొటనవేలు కావాలి, స్పూల్ ఎంత వేగంగా తిరుగుతోందో దానికి తెలియాలి. సెన్సిటివ్ రాడ్డుకి వేలికొసలు కావాలి. ఏ రెండు పనులు చెయ్యలేని చేతులో, ఆ రెండు పనులే చేసే సామాను పెట్టి, నెల రోజులుగా "లాగు లాగు" అని అరుస్తున్నాను.

సాంటియాగో గుర్తొచ్చాడు. హెమింగ్వే ముసలాడు. చేపల వేటగాళ్లలో అంత పేరున్నవాడి దగ్గర రాడ్డే లేదు, అంతా చేతి తాళ్ల మీదే. తాడు అరచేతులు కోసేస్తుంటే ఆ నొప్పితోనే చేపేం చేస్తోందో తెలుసుకుంటాడు. నొప్పి తెలియని చేతులైతే ఆ నవల ఎలా ఉండేదో నేనెప్పుడూ ఆలోచించలేదు.

రెండు రాడ్లూ వెనక్కిచ్చేశాను. ఈసారి కొన్నది ఏడడుగుల మీడియం పవర్ స్పిన్నింగ్ రాడ్డు. స్పిన్నింగ్ రీల్లో విసిరేటప్పుడు స్పూల్ తిరగదు, బొటనవేలితో పనిలేదు. యాక్షన్ కాస్త మెత్తనిది, సగం దాకా వంగుతుంది, వంగింది కంటికి కనిపిస్తుంది. బరువు అర ఔన్సు చాలు. అన్నిటికంటే ముఖ్యం దారం: ఇరవై పౌండ్ల బ్రెయిడ్, పచ్చగా మెరిసే పసుపు రంగుది. బ్రెయిడ్ సాగదు కాబట్టి ఆ కుదుపుని మెత్తటి రాడ్డు కాచుకుంటుంది. నీళ్లలో తేలుతుంది కాబట్టి ఎటు కదిలినా కనిపిస్తుంది. చేపకి ఆ రంగు కనపడకుండా చివర మూడడుగులు ఫ్లోరోకార్బన్ లీడర్. నాన్న ఆ దారాన్ని చూసి, "ఏందిరా, చేపకి తాళి గడతన్నావా?" అన్నాడు.

"చేతుల్తో చూడకు నాన్నా. దారం నీళ్లలోకి పోయేకాడ చూడు."

"బెండు లాగా."

"బెండు లాగే."

జూన్ రెండో ఆదివారం, గులకరాళ్ల దిబ్బ ఒకటి నీళ్లలోకి దిగే చోట, ఆ పసుపు గీత నిదానంగా ఎడమకి జరిగింది. నేనేమీ అనలేదు. నాన్న కూడా తొందరపడలేదు. ముప్పై ఏళ్లు గేజీ కర్ర మీద నీళ్లని అంగుళం అంగుళం చూసిన కళ్లు అవి. "పోతాంది" అని మెల్లిగా అని, రాడ్డుని పక్కకి లాగాడు. రెండు పౌండ్ల బాస్. దాన్ని రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుని, "జారుతుందేమో చూడు, నాకు తెలవదు" అన్నాడు. ఆయన చేతుల కింద నా చేతులు పెట్టాను. కాసేపటికి "కొర్రమీనైతే కూరొండేవాళ్లం" అని నీళ్లలోకి వదిలాడు.

సెప్టెంబర్లో వెళ్లేటప్పుడు రాడ్డు వద్దన్నాడు. పసుపు దారం చుట్ట మాత్రం చెక్-ఇన్ బ్యాగులో పెట్టుకున్నాడు. మొన్న వీడియో కాల్లో కాలవ గట్టు చూపించాడు. వెదురు బద్ద, దానికి పసుపు బ్రెయిడ్, మళ్లీ సైకిల్ నట్టు. పక్కన ఎవరో కుర్రాళ్లు ఆ దారం గురించి అడుగుతున్నారు.

"చేతులెట్టా ఉన్నాయి నాన్నా?" అన్నాను.

ఫోను పక్కన పెట్టి, రెండు అరచేతులూ కెమెరా ముందు తిప్పి చూపించాడు.

"మొద్దుగానే ఉన్నాయిరా" అన్నాడు.