కొత్త చేపకు వేరు కాపురం

కామాఠీపురలో మాది ఒకే గది. అందులోనే ఉప్పునీటి చేపల తొట్టె. ఆరేళ్లుగా ఉన్న మా క్లౌన్ చేపకు తోడుగా మా అబ్బాయి క్రాఫర్డ్ మార్కెట్ నుంచి మరో చిన్నదాన్ని తెచ్చాడు. దాన్ని నాలుగు వారాలకని మంచం కింద ప్లాస్టిక్ టబ్బులో పెట్టాను.

అత్తమ్మకు నచ్చలేదు. "పాపం, దానికేం రోగముందని?" అన్నారు. ఆమెను తప్పుపట్టలేను. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చాక రోగుల్నే కాదు, వాళ్లతో ఉన్నవాళ్లనూ బలవంతంగా శిబిరాలకు తరలించారు. వేరుగా పెట్టడమంటే ఈ నగరంలో భయం ఊరికే పుట్టలేదు.

కానీ ఈ తెల్లమచ్చల జబ్బు మహా మోసకారి. చేప ఒంటిమీద ఉప్పురవ్వల్లాంటి చుక్కలు వస్తాయి, కొన్నాళ్లకు వాటంతటవే పోతాయి. నయమైందనుకుంటాం. నిజానికి ఆ పరాన్నజీవులు రాలి అడుగున గూడు కట్టుకుంటాయి. ఒక్కో గూట్లోంచి వందల పిల్లలు వచ్చి మళ్లీ చేపల్ని పట్టుకుంటాయి. రాగి మందు ఈదే పిల్లల్నే చంపుతుంది, గూటిని కాదు. పెద్ద తొట్టెలో వేద్దామంటే రొయ్యలు బతకవు. జబ్బు అక్కడికి చేరితే చేపలన్నిటినీ బయటికి తీసి రెండున్నర నెలలు తొట్టెను ఖాళీగా ఉంచాలి. ఒకే గదిలో వాటినెక్కడ పెట్టను?

టబ్బులో స్పాంజి ఫిల్టరు, హీటరు, దాక్కోవడానికి గొట్టం ముక్క ఉన్నాయి. నీళ్లు తరచు మారుస్తున్నాను. (ఆ ఉప్పు ఖర్చు మావారికి చెప్పలేదు.)

ఇవాళ 19వ రోజు. ఇప్పుడు మేత వేసేది అత్తమ్మే. ముందు పెద్ద తొట్టెకు, తర్వాతే టబ్బుకు అని చెప్పాను. టబ్బులో ముంచిన చెయ్యి కడుక్కోనిదే అటు వెళ్లనివ్వను.