ఎచ్చట జరిగినది?

చెన్నై నుండి కోల్‌కతా పోవు 16వ జాతీయ రహదారి విశాఖపట్నమున గాజువాక, మద్దిలపాలెము, హనుమంతవాక, మధురవాడల మీదుగా సాగుచున్నది. ఓడరేవు సరకు మోయు లారీలును, ఉద్యోగులను గొనిపోవు స్కూటర్లును, చేయెత్తినచోటనెల్ల ఆగు ఆటోలును, గంప నెత్తిన పెట్టుకొని దాటు కూరగాయలమ్మయు ఆ యొక్క బాటనే పంచుకొనవలసి యుండుటచే, ఎముకల వైద్యుడనగు నాకు దాని మంచిచెడ్డలు రోగుల శరీరములనుండియే తెలియుచుండును.

కారు గ్రుద్దినప్పుడు పాదచారికి సాధారణముగా బంపరు మోకాటి దాపున తగులును. పిమ్మట బోనెట్టు తొడను, అద్దము తలను తాకును. మన వాహనములు ఎడమప్రక్కన నడచును గనుక, దాటువారికి డివైడరు వరకు అపాయము కుడివైపునుండియు, అది దాటినపిదప ఎడమవైపునుండియు వచ్చును. ఒక సాయంకాలము తీసికొనివచ్చిన కూరగాయలమ్మకు ఎడమకాలి యెముకలు రెండును మోకాటి దిగువ విరిగియుండెను. "ఎక్కడ జరిగిందమ్మా?" అని యడిగితిని. "డివైడరు మీద నిల్చున్నాను డాట్రుబాబూ. కాలెట్టడానికి చోటు నేదు. ఎనకాల జనం తోసుకొస్తంటే దిగిపోనాను" అనెను. రాడ్డు వేసి కాలు కుదిర్చితిమి. ఆమె మరల నడచినది. కాని డివైడరు అట్లే యుండెను. కొంతకాలమునకు ఆ చోటినుండియే, ఆ ప్రొద్దువేళనే, అట్టి విరుపుతోనే మరియొకరు వచ్చిరి.

జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల మేర మూడేండ్లలో మరణమో తీవ్రగాయమో కలిగించిన 5 ప్రమాదములుగాని, 10 మరణములుగాని సంభవించినచో దానిని బ్లాక్ స్పాట్ అందురు. లెక్క అంతవరకు పెరుగునందాక వేచియుండనేల? గాయపడినవారు మొదట చేరునది మాయొద్దకే. అయినను కేసు షీటులో "రోడ్డు ప్రమాదము" అను రెండు మాటలే తరచు మిగులును. కూడలి పేరును, వేళయు, వాహనము వచ్చిన దిక్కును అందుండవు. ఇవి నెలనెలయు రహదారి ఇంజనీర్లకు అందినచో, ఎచ్చట డివైడరు నడుమ నిలువ నీడ కావలయునో, ఎచ్చట వృద్ధులు దాటుదాక సిగ్నలు నిలువవలయునో, ఎచ్చట దీపము లేదో వారికి తెలియును. వేగము రెట్టింపైనచో తాకిడి శక్తి నాలుగు రెట్లగును గనుక, జనులు దాటుచోట వాహనముల వేగమును తగ్గించుట అన్నిటికంటె ముందు చేయవలసిన చికిత్స.

కావున, అత్యవసర విభాగమున రాత్రింబవళ్లు శ్రమించు యువవైద్యులారా, రక్తస్రావము నాపి, ప్రాణము కుదుటపడినపిదప, "ఎచ్చట జరిగినది?" అని తప్పక యడిగి వ్రాయుడు. ఇంజనీర్లారా, ఆ వ్రాతను మీరే వచ్చి అడిగి తీసికొనుడు. విరిగిన కాలిని మేము అతుకగలము. రేపటి కాలు విరుగకుండ కాపాడువారు మీరే.